కొలిచేది వాళ్లు, కొలతకు నిలబడేది మనమా?

మొన్న ఒక సాయంత్రం మా వాడలో వేపచెట్టు గద్దె మీదికి మూడు కాగితాలు పంచాయితీకి వచ్చాయి. ఒకటి ఎంబీఏ సీటు. ఒకటి ఎంసీఏ సీటు. మూడోది ఆంత్రొపాలజీ, అంటే మానవశాస్త్రం, పీజీ సీటు. మూడూ ఒకే బిడ్డవి. తండ్రి సుతారి పని చేస్తాడు, తల్లి పత్తి ఏరబోతుంది. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

"సార్, మీరే చెప్పుండ్రి. మీ మాటయితే ఇంటది" అని తండ్రి మమ్మల్ని కూచోబెట్టాడు. అమ్మాయి మూడో కాగితం మీద వేలు పెట్టింది. తండ్రి నవ్వాడు. "మనుషులను చదువుడేంది బిడ్డా? పొద్దున లేస్తే మనుషులనే చూస్తున్నం గద! దానికి రెండేండ్ల చదువా? కంప్యూటరన్న చదువు, లేకుంటే ఆ ఎంబీఏ అన్న చదువు. నెలకింత జీతమొస్తది."

గద్దె మీదున్నవాళ్లంతా తలలూపారు. నిజం చెప్పాలంటే ఇరవై ఏండ్లుగా ఆ తలలూపేవాళ్లలో మేమూ ఉన్నాం. మేము బడిపంతుళ్లం. మా ఇళ్లలో మొదట డిగ్రీ పట్టా తెచ్చినవాళ్లం. మా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లకూ పిల్లగాడికీ "కంప్యూటరు తీసుకో" అనే చెప్పాం. పదేండ్ల కింద ఒక పిల్లగాడు ఇదే మానవశాస్త్రం చదువుతానంటే "అది కూడు పెడతదారా?" అని మేమే మళ్లించాం. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముక్కులు కొలిచిన చదువు

మనుషులను చదివే పని కొత్తది కాదు. ఎప్పుడో మొదలైంది. చదివింది వాళ్లు, చదివించుకున్నది మనం. మద్రాసు మ్యూజియం అధికారిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ అనే తెల్లదొర, రంగాచారి అనే ఆయనతో కలిసి 1909లో దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. అందులో మాల ఉంది, మాదిగ ఉంది. ఆ దొర చేతిలో కలంతోపాటు కొలత పరికరం కూడా ఉండేది. మనుషులను నిలబెట్టి తలలు కొలిచాడు, ముక్కులు కొలిచాడు. అంగట్లో ఎద్దును కొనేవాడు పండ్లు పట్టి చూసినట్టు! 1901 జనాభా లెక్కలను నడిపిన రిస్లీ అనే ఇంకో దొరయితే, ముక్కు వెడల్పును బట్టి కులం ఎక్కువ తక్కువలు తెలుస్తాయని వాదించాడు.

తర్వాత మనవాళ్లే వచ్చారు. 1950ల మొదట్లో ఎస్.సి. దూబే హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటను చదివి 1955లో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఆయన ముక్కులు కొలవలేదు, ఊరిని ఊరుగా చూశారు. మంచిదే. అయినా ఒక మాట అడగాలి. శామీర్‌పేట మాదిగవాడ నుంచి ఒక బిడ్డ లేచి, పెద్దకులపోళ్ల ఇంట్లో కుర్చీ వేసుకుని కూచుని, "మీ వంటింటి ఆచారాలు చెప్పండి, మీ పెళ్లిళ్లలో కట్నాల లెక్క చెప్పండి, మీరు ఎవరెవర్ని ఎందుకు ముట్టుకోరో చెప్పండి" అని రాసుకునే రోజు ఎప్పుడొస్తుంది?

ఈ చదువంతా చెడ్డదని మేము అనటం లేదు. 1940లో కొమురం భీంను చంపిన తర్వాత, గోండుల బాధ ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వానికి హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త కావలసి వచ్చాడు. ఆయన ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండుల మధ్య ఉండి, వాళ్ల భూములు ఎట్లా పోయాయో రాశాడు. 1943లో అక్కడ గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. అంటే ఈ చదువు కత్తిలాంటిది. ఎవరి చేతిలో ఉందనేదే ప్రశ్న.

మన చేతికి వస్తే ఏమవుతుందో బాబాసాహెబ్ చూపించారు. 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకంలో ఆయన ఆ ముక్కు కొలతలనే ముందర పెట్టుకున్నారు. ఈ కొలతలే శాస్త్రం అయితే, బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతివాళ్లని ఈ కొలతలే చెప్తున్నాయి కదా అని తేల్చారు. టేపు వాళ్లది, అంకెలు వాళ్లవి. ప్రశ్న మాత్రం మనది!

బియ్యం ఆపిన యంత్రం

"అదంతా పాత కత సార్, ఇప్పుడు కంప్యూటర్ల కాలం" అంటారు. మరి కంప్యూటరు మనల్ని కొలవడం లేదా?

తెలంగాణలో సమగ్ర వేదిక అనే ఏర్పాటు వచ్చింది. బండి ఎవరి పేరు మీద ఉంది, ఇల్లు ఎవరిది, కరెంటు ఎంత కాలింది, ఇట్లా వేర్వేరు ఖాతాలన్నీ ఒక్కచోట కలిపి, ఈ కుటుంబం పేదదా కాదా అని చెప్పే యంత్రం అది. లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. చాలా ఇళ్లకు ఎవరూ వచ్చి చూడలేదు. కుండలో గింజ ఉందా లేదా అడగలేదు. చివరికి 2022లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రద్దయిన కార్డులను మళ్లీ ఇంటింటికీ పోయి విచారించమనాల్సి వచ్చింది. హైదరాబాదులో రిక్షా తొక్కుకునే ఒకాయన పేరు, కారున్న ఇంకొకాయన పేరు దగ్గరదగ్గరగా ఉన్నందుకు ఆ ఇంటికి బియ్యం అందలేదని 2024లో పత్రికల్లో వచ్చింది.

ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు మంచి మార్కులతో పాసైనవాళ్లే అయి ఉంటారు. కానీ ఒక్క వాడలోనే ఆరుగురు ఎల్లయ్యలు ఉంటారని, ఇంటిపేరు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా పడుతుందని, అన్న బండి తమ్ముడి పేరు మీద ఉంటుందని వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆ సంగతి తెలియాలంటే ఇంటికి పోవాలి, గడప దగ్గర కూచోవాలి, వినాలి. ఇంటికి పోయి కూచుని వినడం నేర్పే చదువు పేరే మానవశాస్త్రం. ఆ తండ్రి ప్రశ్నకు జవాబు ఇదే. మనుషులను రోజూ చూస్తున్నాం, నిజమే. చూసినదాన్ని పదిమంది ముందర, కోర్టు ముందర, సర్కారు ముందర నిలబడేటట్టు రాయడం వేరే విద్య.

ఇంకో సంగతి. అమెజాన్ కంపెనీ ఉద్యోగ దరఖాస్తులను ఏరడానికి ఒక యంత్రాన్ని తయారుచేసిందని 2018లో బయటికొచ్చింది. దానికి కంపెనీకి వచ్చిన పాత దరఖాస్తులు చూపించారు. అవి ఎక్కువ మగవాళ్లవి. దాంతో యంత్రం ఆడవాళ్ల దరఖాస్తులను కిందికి నెట్టడం నేర్చుకుంది. కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది. ఇందులో మాయ ఏమీ లేదు. పాత దస్త్రం చూసి నేర్చుకునే యంత్రం పాత అన్యాయాన్నే నేర్చుకుంటుంది. పట్వారీ పహాణీ చూపించి "ఈ భూమి దున్నేది ఎవరు?" అని అడిగితే యంత్రం ఏం చెప్తది? దొర పేరే చెప్తది!

కాబట్టి మన పిల్లలు కంప్యూటరు చదవాలి, తప్పకుండా చదవాలి. ఆ పహాణీ తప్పని చెప్పగలిగే మనిషి ఆ గదిలో ఒకడన్నా ఉండాలి కదా.

ఇడ్లీకి కూడా కులం ఉంది

ఇక వ్యాపారం చదువు. ఎంబీఏ పుస్తకంలో సరుకు, ధర, ప్రచారం, గిరాకీ అన్నీ ఉంటాయి. కులం ఉండదు. మా మండలంలో ఒక తమ్ముడు ఊరి నడుమ టిఫిన్ సెంటరు పెట్టాడు. ఇడ్లీ బాగుంది, ధర తక్కువ. ఊరోళ్లు రాలేదు. ఆరు నెలలకు మూసేసి, ఎవరూ ఎరగని చోట బస్టాండు పక్కన పెడితే పొద్దున తొమ్మిదికే గిన్నెలు ఖాళీ. అవే ఇడ్లీలు, అదే చెయ్యి. ఇది ఏ పాఠంలో ఉంది?

బాబాసాహెబ్‌కే ఈ అనుభవం ఉంది. అమెరికాలో చదివి వచ్చి, బొంబాయిలో షేర్ల వ్యాపారులకు సలహాలిచ్చే సంస్థ పెట్టుకున్నారు. నడిపేది అంటరానివాడని తెలిసేసరికి వచ్చేవాళ్లు రావడం మానేశారు. 1918లో సిడెన్‌హాం కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరితే, తోటి ప్రొఫెసర్లు మంచినీళ్ల కుండ దగ్గర అభ్యంతరం చెప్పారు. కాలం మారిందంటారా? 2007లో థోరట్, అటెవెల్ అనే ఇద్దరు పండితులు ఒక పరిశోధన అచ్చు వేశారు. పత్రికల్లో ప్రైవేటు ఉద్యోగాల ప్రకటనలు చూసి, ఒకే చదువుతో వేర్వేరు ఇంటిపేర్లు పెట్టి దరఖాస్తులు పంపారు. పెద్దకులం పేరుకు ఉన్న అవకాశంతో పోలిస్తే దళిత పేరుకు దాదాపు మూడింట రెండు వంతులే దక్కింది. సముద్రం దాటినా ఇదే వెంట వస్తుంది. మన తెలుగు ఇంజనీర్లు పెద్దఎత్తున పనిచేసే సియాటెల్ నగరం 2023లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది.

అయితే లెక్క రాకపోవడం కూడా మన లోపమే. 2021లో దళితబంధు మొదలై కుటుంబానికి పది లక్షలు అన్నప్పుడు, మేము చూసిన ఒక ఇంట్లో బండి కొన్నారు. డీజిలెంత, రిపేరెంత, ఇన్సూరెన్సెంత, నెలకు మిగిలేదెంత అని కాగితం మీద రాసిచ్చే మనిషి మా వాడలో లేడు. ఏడాది తిరక్కుండానే బండి అమ్ముకున్నారు. తాతల నాడు లందలో తోలు ఊరబెట్టి, తంగేడు చెక్క పోసి, చెప్పు కుట్టింది మనం. ఆ చెప్పుకు ధర కట్టింది మాత్రం షావుకారు. ఆ ధర కట్టే విద్య మనకు రావాలి.

బాబాసాహెబ్ ఏ క్లాసుల్లో కూచున్నారు?

"మూడు దిక్కుల చదువు ఒక్క మనిషికి సాధ్యమా?" అని ఆ అమ్మాయే అడిగింది. బాబాసాహెబ్ బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1913లో కొలంబియా యూనివర్సిటీకి పోయారు. మూడేండ్లలో అర్థశాస్త్రంలో 29 కోర్సులు, చరిత్రలో 11, సమాజశాస్త్రంలో 6, తత్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3 చదివారు. ఇవి కాక ఫ్రెంచి, జర్మన్ మొదటి పాఠాలు. డబ్బు లెక్క చదివిన ఆ చెయ్యే 1923లో రూపాయి సమస్య మీద పుస్తకం రాసింది. 1916 మే 9న, ఇరవై అయిదేండ్ల వయసులో, గోల్డెన్‌వైజర్ అనే ప్రొఫెసరు నడిపే మానవశాస్త్రం క్లాసులో భారతదేశంలో కులాల పుట్టుక మీద వ్యాసం చదివింది కూడా ఆయనే. మనల్ని కొలిచే చదువులోకి మన మనిషి కొలిచేవాడుగా అడుగుపెట్టిన రోజు అది. నూరేండ్లు దాటింది. ఆయన వెనక ఎంతమందిమి పోయాం?

"ముందు కూడు కావాలె గద సార్" అనే మాట మాకు తెలుసు. ఆకలి అబద్ధం కాదు. అందరూ మానవశాస్త్రమే చదవమని మేము చెప్పటం లేదు. కంప్యూటరు చదివే పిల్లలు మనుషుల చదువు ఒక పేపరన్నా చదవాలి, మనుషుల చదువు చదివే పిల్లలు కంప్యూటరూ ఖాతా లెక్కా నేర్చుకోవాలి అంటున్నాం. ఈ చదువుకు కూడూ ఉంది. సివిల్ సర్వీసు పరీక్షలో మానవశాస్త్రం ఒక ఐచ్ఛికం, రెండు పేపర్లు, 500 మార్కులు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీలో ఈ శాఖ ఉంది.

తల్లి మాత్రం వేరే మాట అడిగింది. "పెద్ద యూనివర్సిటీకి తోలిస్తే రోహిత్ లెక్కయితే ఎట్ల సార్?" 2016 జనవరి 17 మా ఇళ్లలో ఎవరూ మరవలేదు. ఆ తల్లికి చెప్పడానికి మా దగ్గర తియ్యటి మాట లేదు. ఒక్కటే చెప్పాం. బిడ్డను ఒంటరిగా పంపం, అక్కా. నెలనెలా ఎవరో ఒకరం పోయి చూసి వస్తాం.

తండ్రి ఆ రాత్రి అన్నం తిని మళ్లీ వచ్చాడు. "సార్, ఆ ముక్కులు కొలిచినాయన పుస్తకంల మా తాతలసొంటోళ్ల పేర్లుంటయా?" అన్నాడు. పేర్లకు చోటు ఎక్కడిది, కులమే ఉంటది అన్నాం. కాసేపు ఊరుకున్నాడు. "మల్ల మా బిడ్డ రాస్తే పేర్లు పెడ్తదా?" అన్నాడు. అవునని ఇంకా అనలేదు. కాదని కూడా అనలేదు.

కార్యకర్తలారా, ఈ పనులు మన మీద ఉన్నాయి:

సీట్లు ఎంచుకునే రోజుల్లో ప్రతి వాడలో ఒక సాయంత్రం కూచోండి. ఏ చదువులో ఏం చెప్తారో, ఖర్చెంతో, గడువెప్పుడో తల్లిదండ్రులకు విప్పి చెప్పండి. రంగుల కరపత్రం పంచే ఏజెంటుకు ఆ పని వదలకండి.

వేరే శాఖ పేపరు ఎంచుకునే వీలున్న కాలేజీల్లో మన పిల్లలు ఆ వీలు వాడుకునేటట్టు చూడండి. లేని కాలేజీల్లో అడగండి.

డిగ్రీ పిల్లలతో మీ వాడ లెక్క మీరే తీయించండి. ఎవరికి కార్డు పోయింది, ఎవరి అప్పు ఎంత, ఎవరి భూమి ఏ దస్త్రంలో ఎవరి పేరున ఉంది. ఒకరు అడగాలి, ఒకరు లెక్క కట్టాలి, ఒకరు కంప్యూటరులో ఎక్కించాలి. మూడు చదువులూ అక్కడే కలుస్తాయి.

ఆ అమ్మాయి హాస్టలు డిపాజిట్టుకు మా పంతుళ్లం తలా ఇంత వేసుకున్నాం. మీ ఊళ్లో కూడా ఇట్లాంటి కాగితం పట్టుకుని ఒక బిడ్డ నిలబడి ఉంటుంది. వెతకండి.

జై భీమ్!