మూడు లైన్ల వార్తలో దాగిన తీర్పు

జిల్లా పేజీలో ఓ మూల, ఒకే కాలమ్‌లో, దాదాపు రోజూ కనిపించే వార్త ఒకటుంది. ‘అనుమానంతో భార్యను హతమార్చిన భర్త’. ‘కుటుంబ కలహాలతో వివాహిత ఆత్మహత్య’. ‘ప్రేమను నిరాకరించిందని యువతిపై దాడి’. ఊరు మారుతుంది, మండలం మారుతుంది, వాక్యం మాత్రం మారదు. ఆ వాక్యాన్నే కాస్త నిదానించి చదవండి. అనుమానం భర్తది. కానీ ‘అనుమానంతో’ అన్న మాట కంటపడగానే చదివేవాళ్ల ఆలోచన చనిపోయిన మనిషి నడవడి మీదికే పోతుంది, ఏదో ఉండే ఉంటుందని. ‘నిరాకరించిందని’లో చివరనున్న ‘అని’ చూడండి. కత్తి పట్టినవాడి సాకును కారణంగా మార్చి పాఠకుడి చేతిలో పెట్టేది ఆ రెండక్షరాలే. ‘కుటుంబ కలహాలు’ అన్న మాటయితే మరీ అన్యాయం. కలహమంటే ఇద్దరి మధ్య జరిగేది. ఒకరు కొడుతూ ఒకరు పడుతూ ఉంటే దానికి ఆ పేరు చెల్లదు. ఏళ్ల తరబడి తిన్న దెబ్బలు, పుట్టింటి నుంచి ఇంకా తెమ్మన్న డబ్బు, ‘సర్దుకుపోవాలమ్మా’ అని పెద్దమనుషులు తిప్పి పంపిన రాత్రులు అన్నీ ఆ రెండు మాటల కింద పూడిపోతాయి. ఆఖరున ‘పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు’ అని ముక్తాయింపు. ఆ దర్యాప్తు ఏమైందో చాలాసార్లు ఏ పేజీలోనూ రాదు.

మహిళల హక్కుల విషయంలో మీడియా పాత్ర గురించి మార్చి 8 నాటి ప్రత్యేక సంచికల్లో చాలా మాట్లాడుకుంటాం. విజేతల ఫొటోలు వేస్తాం, సన్మానాలు చేస్తాం. తప్పేమీ లేదు. కానీ ఆ పాత్ర ఏమిటో తేలేది ఈ మూడు లైన్ల దగ్గరే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పత్రికలూ చానళ్లూ ఆడవాళ్ల మాటకు చెవి ఒగ్గి, నెలల తరబడి ఆ మాటను వదలకుండా పట్టుకున్నప్పుడు ప్రభుత్వాలు కదిలాయి. నాలుగు రోజులు గొంతు చించుకుని ఐదో రోజున మరో వార్తకు పోయినప్పుడు మిగిలింది కోపం ఒక్కటే. ఒకసారి ఆ కోపానికి నలుగురి ప్రాణాలు కూడా పోయాయి. రెండింటికీ రుజువులు తెలుగు నేల మీదే ఉన్నాయి.

ముందు హింస ఎక్కడుందో చూడాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో మహిళలపై నేరాల కింద నమోదైన కేసులు 4,45,256. వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా, 31.4 శాతం, భర్తా అతని బంధువులూ పెట్టిన హింసదే. అత్యాచారం కేసుల్లోనూ నిందితుల్లో అత్యధికులు బాధితురాలు ఎరిగినవాళ్లే. ఇది స్టేషన్ గడప దాకా వచ్చిన లెక్క. రానిదెంతో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019-21 సర్వేలో, భర్త చేతిలో హింస అనుభవించామన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది సాయం కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. అదే సర్వేలో మరో అంకె ఉంది. ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న మహిళలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 80 శాతం పైనే. సర్వే వాళ్ల ముందు పెట్టిన కారణాలు మనకు కొత్తవి కావు. చెప్పకుండా గడప దాటిందని, వంట సరిగా చేయలేదని, ఎదురు మాట్లాడిందని, అత్తమామలను లెక్కచేయలేదని. ప్రతి కారణం చివరా అదే ‘అని’. మన శీర్షికల వ్యాకరణమూ అదే. ఆ నమ్మకాన్ని పత్రికలు పుట్టించాయని అనను. అవి పుట్టకముందు నుంచీ ఉన్నదే. కానీ తెల్లవారేసరికి దాన్ని అచ్చులో చూపించి, ఇది లోకరీతేనని ముద్ర వేస్తున్నది మాత్రం మనమే.

ఇందుకు పూర్తిగా భిన్నంగా నడిచిన కాలం ఒకటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగింది. పగలంతా కూలి చేసుకొచ్చి రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు మొగుడి పాలబడిన ఇల్లాలి కథ అది. ఇది మా ఇంటి సంగతేనని గుర్తుపట్టిన దూబగుంట మహిళలు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992 నాటికి జిల్లాలో సారా వేలం పాటలకు ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. అప్పుడు ‘ఈనాడు’ ఆ ఉద్యమానికి ప్రత్యేకంగా చోటిచ్చి నెలల తరబడి వార్తలు నడిపింది. ఒక ఊళ్లో ఏం చేశారో పక్క ఊరికి పేపరు ద్వారా తెలిసేది. చదువురానివాళ్లకు చదివి వినిపించినవాళ్లూ ఉన్నారు. కూలి డబ్బు సారా ప్యాకెట్టుకు పోవడం, రాత్రి దెబ్బలు, పస్తులున్న పిల్లలు, ఇవన్నీ అప్పటిదాకా ఇంటి గుట్టు. అచ్చులోకి వచ్చాక ఆ గుట్టుకూ సర్కారు ఖజానాకూ ఉన్న ముడి బయటపడింది. ఊరికి తాగునీళ్లు రాకపోయినా సారా ప్యాకెట్లు మాత్రం వేళకు వస్తున్నాయన్న ఆడవాళ్ల నిలదీతకు సమాధానం చెప్పాల్సింది మొగుడు ఒక్కడే కాదని తేలింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది.

ఆ పత్రికకు నాటి ప్రభుత్వంతో పడదు, అందుకే ఎత్తుకుందని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. అది నిజమే కావచ్చు. సంపూర్ణ నిషేధాన్ని 1997లో ఎత్తేశారన్నదీ నిజమే. అయినా నేను చెప్పే సంగతికి వీటివల్ల లోటేమీ రాదు. పత్రిక ఉద్దేశం ఏదైనా, ఆ రోజుల్లో వార్తకు ఆధారం స్టేషన్ నుంచి వచ్చిన ప్రెస్‌నోట్ కాదు, ఊళ్లో ఆడవాళ్ల నోటి మాట. వాళ్లు జాలిపడాల్సిన బాధితులుగా కాక, సర్కారును ప్రశ్నించే పౌరులుగా మొదటి పేజీకి ఎక్కారు. అంతకుముందు వందేళ్ల నాడు వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రికతో వితంతువుల దుస్థితిపై పోరాడినప్పుడు కూడా ఆడవాళ్ల తరఫున రాసింది మగవాళ్లే. నెల్లూరులో మాట వాళ్లదే. తేడా అక్కడుంది.

ఇప్పుడు 2019 నవంబర్‌కు రండి. 27వ తేదీ రాత్రి శంషాబాద్ దగ్గర యువ వెటర్నరీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాయి. మర్నాటికల్లా ఆమె పేరు, ఫొటో తెరల మీదికెక్కాయి. లైంగిక నేరంలో బాధితురాలి గుర్తింపు బయటపెట్టరాదన్న నిబంధన 1983 నుంచీ చట్టంలో ఉంది. చనిపోయినవారికీ అది వర్తిస్తుందని నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు 2018 డిసెంబర్‌లోనే చెప్పింది. ‘దిశ’ అనే పేరు వాడండని పోలీసులు కోరేసరికే అసలు పేరు దేశమంతా పాకిపోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. ఆ రాత్రి కూతురు కనబడడం లేదని వెళ్లిన కుటుంబం ఫిర్యాదును వెంటనే తీసుకోలేదని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఆ పరిధి మాది కాదంటూ స్టేషన్లు తిప్పుకోవడం ఎన్ని కుటుంబాలకు అనుభవమో అడగాల్సిన ప్రశ్న అదే. అడగడం మొదలైంది కూడా. కానీ చర్చల్లో వినిపించిన మాట ‘ఉరి ఎప్పుడు’, ‘ఎన్‌కౌంటర్ ఎప్పుడు’. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు, చానళ్లు అది పదేపదే చూపించాయి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కమిషన్ తేల్చింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. దానిపై వివాదం హైకోర్టుకెక్కింది. పూల వానకు దొరికిన ప్రసార సమయంలో ఎన్నో వంతు ఈ నివేదికకు దొరికింది? మరోవైపు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 21 రోజుల్లో తీర్పు రావాలంటూ ఆ కాల్పులు జరిగిన వారానికే దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు.

శంషాబాద్ ఘటనకు మూడు రోజుల ముందు, నవంబర్ 24న, ఆసిఫాబాద్ జిల్లాలో ఊరూరా తిరిగి చిల్లర వ్యాపారం చేసుకునే దళిత మహిళపై ముగ్గురు అత్యాచారం చేసి చంపారు. ఆమెకు పెట్టిన పేరు ‘సమత’. ఆ పేరు ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది? దిశ కోసం రోడ్డెక్కినవారిలో చాలామందికి సమత గురించి తెలిసింది దళిత, మహిళా సంఘాలు గొడవ చేశాకే. ఆ కేసులో ఆదిలాబాద్‌లోని ప్రత్యేక కోర్టు విచారణ జరిపి 2020 జనవరి 30న తీర్పిచ్చింది, ముగ్గురికీ మరణశిక్ష విధించింది. మరణశిక్ష సరైనదా కాదా అన్నది వేరే చర్చ. కోర్టులతో పని కాదు, తుపాకే దిక్కు అని చానళ్లలో వాదిస్తున్న రోజుల్లోనే, రెండు నెలల పైచిలుకులో ఒక న్యాయస్థానం పని పూర్తిచేసింది. ఆ సంగతి చెప్పడానికి కెమెరాలు ఆదిలాబాద్‌లో పెద్దగా లేవు.

ఆ మాత్రం గోల చేయకపోతే పోలీసులు కదలరు కదా అంటారు. ఈ మాటలో నిజముంది, తోసిపుచ్చను. 2012 డిసెంబర్‌లో ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత జనం రోడ్ల మీదికి రాకపోతే, కెమెరాలు వాళ్లను చూపించకపోతే, జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇచ్చేది కాదు, 2013లో చట్టం మారేది కాదు. అయితే అక్కడ పనికొచ్చింది ఒట్టి ఆగ్రహం కాదు. మహిళా సంఘాలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న సవరణలు సిద్ధంగా ఉన్నాయి, కమిటీ వాటిని విన్నది. అంతకుముందు మహారాష్ట్రలో పోలీసుల చేతిలో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక కేసులో నిందితులను సుప్రీంకోర్టు విడిచిపెడితే, 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ పత్రికలకెక్కి, దేశమంతా ఉద్యమమై, 1983లో అత్యాచార చట్టాన్ని మార్పించింది. ఆ నాలుగేళ్లూ నడిపించింది ఒక వాదన. కోపానికి వాదన తోడైతే చట్టం వస్తుంది. వాదన లేని కోపానికి చటాన్‌పల్లి దొరుకుతుంది.

ఇంకో అభ్యంతరం తప్పుడు కేసులది. గృహహింస వార్తలకు ఇంత చోటిస్తే అమాయకులైన మగవాళ్లు బలవుతారంటారు. తప్పుడు ఫిర్యాదు ఒక్కటైనా తప్పే. విచక్షణ లేని అరెస్టులు కూడదని 2014లో ఆర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది పాటించాల్సిందే. నేరం రుజువు కాకముందే నిందితుణ్ని ‘మృగాడు’, ‘కామాంధుడు’ అనే శీర్షికలు కూడా మానాలని నేనంటాను. ఆ మాటలు మరో అపకారం కూడా చేస్తాయి. కొట్టేవాడు ఎక్కడో అడవిలో ఉండే మృగమనుకుంటాం, మన ఇంట్లో, మన ఆఫీసులో ఉండే మామూలు మనిషని మరిచిపోతాం. కానీ పైన చెప్పిన 37 శాతం పోలీసు ఫిర్యాదుల లెక్క కాదు. ఇంటికొచ్చిన సర్వే సిబ్బంది ఏకాంతంలో అడిగితే చెప్పిన మాట. అక్కడ అబద్ధమాడితే వచ్చే లాభం ఏమీ లేదు, కేసు లేదు, భరణం లేదు.

డెస్క్‌లో పనిచేసేవాళ్ల ఇబ్బందీ తెలియనిది కాదు. మండల కంట్రిబ్యూటర్‌కు దక్కేది లైన్ల లెక్కన వచ్చే అంతంతమాత్రపు డబ్బు, ప్రకటనల టార్గెట్ అదనం. ఎస్సై ఫోన్లో చెప్పిన నాలుగు ముక్కలే పేజీ మూసేవేళకు అతనికి దొరికేవి. అలాంటివాడిపై నేరం మోపలేం, యాజమాన్యాలను అడగాలి. అయినా ఆ నాలుగు ముక్కల్లోనే చేయగలిగింది చాలా ఉంది. ‘అనుమానంతో హత్య’ అనే బదులు ‘భార్యను చంపిన భర్త’ అంటే నిజం తగ్గదు, లైను పెరగదు. ఇంతకుముందు ఆమె స్టేషన్‌కు వెళ్లిందా, వెళితే ఏమన్నారు అని ఎస్సైని అదే ఫోన్లో అడగొచ్చు. కౌన్సెలింగ్ చేసి పంపామని ఆయనంటే, అసలు వార్త అదే. ఆరు నెలలకోసారి జిల్లా కోర్టులో ఎన్ని కేసులు తేలాయో, 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు ఎన్ని వచ్చాయో రాయొచ్చు. 1993లో మొదలైన స్త్రీవాద పత్రిక ‘భూమిక’ 2006లో హెల్ప్‌లైనే పెట్టింది. చిన్న పత్రికకు సాధ్యమైన బాధ్యతలో కొంతయినా లక్షల ప్రతులు అమ్మే సంస్థలు మోయలేవా?

చదివే మీరూ ఒక పని చేయొచ్చు. చనిపోయిన స్త్రీ నడవడి మీదికి వేలు చూపే శీర్షిక కనబడితే ఎడిటర్‌కు రాయండి. రెండు వాక్యాలు చాలు. ఎడిటర్లకు నా విన్నపం ఇంకా చిన్నది. మహిళా హెల్ప్‌లైన్ నంబర్ 181, రాత్రీ పగలూ పనిచేస్తుంది. రేపటి జిల్లా పేజీలో ఆ మూడు లైన్ల కింద నాలుగో లైనుగా ఆ నంబర్ వేయండి.