కదలని తేదీ

నెలలో పదో తారీఖు దాటిందంటే డాలస్ శివారు ఫ్రిస్కోలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఇటు గుంటూరు, కరీంనగర్, కూకట్‌పల్లి ఇళ్లలో ఒకటే మాట: 'బులెటిన్ వచ్చిందా, డేట్ కదిలిందా?' అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్ అది. ఈబీ-2 అనే గ్రీన్ కార్డు వరుసలో, ఇండియా అని రాసిన గడిలో ఉండే ఒక్క తేదీ కోసం లక్షల కుటుంబాలు దాన్ని తెరిచి చూస్తాయి. 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆ గడిలో ఒకటే తేదీ ఉంది: 2013 జనవరి 1. ఆరు బులెటిన్లు వచ్చాయి, తేదీ ఒక్క రోజు కూడా జరగలేదు. దయ్యం రాకుండా తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవారు మన ఊళ్లలో. అమెరికా తన తలుపు మీద అదే మాటను అధికారికంగా, నెలకోసారి అచ్చు వేస్తోంది.

ఈ వరుసలో నిలబడినవారు దొంగదారిన వెళ్లినవారు కారు. యజమాని ప్రకటన ఇచ్చి, ఆ పనికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖకు చూపించిన తర్వాతే వారి ఫైలు మొదలవుతుంది. పెర్మ్ అనే ఆ దరఖాస్తు పడిన రోజే వారి ప్రయారిటీ డేట్, అంటే వరుసలో వారి స్థానం. ఆ తర్వాత ఐ-140 అనే పిటిషన్. అది ఆమోదం పొందిందంటే, ఈ మనిషికి శాశ్వత నివాసం ఇవ్వదగిన అర్హత ఉందని అమెరికా ప్రభుత్వమే సంతకం పెట్టినట్టు. మిగిలింది నంబరు దొరకడం ఒక్కటే. ఆ నంబరే దొరకదు.

ఎందుకు దొరకదో చెప్పడానికి కష్టమైన లెక్కలేమీ అక్కర్లేదు. ఉద్యోగాల ఆధారంగా ఏడాదికి 1,40,000 గ్రీన్ కార్డులు అని 1990 నాటి చట్టం గీత గీసింది. ఏ దేశంలో పుట్టినవారికైనా అందులో 7 శాతం మించకూడదంది. నాలుగు లక్షల జనాభా ఉన్న ఐస్‌లాండ్‌కూ అంతే, నూట నలభై కోట్ల భారత్‌కూ అంతే. భార్య, పిల్లలు కూడా ఆ 1,40,000లోనే లెక్క. అంటే సగానికి పైగా కార్డులు కుటుంబ సభ్యులకే పోతాయి. మిగతా దేశాలు వాడుకోని నంబర్లు మనవైపు జారిన ఏడాది కాస్త ఊపిరి ఆడుతుంది, లేకుంటే లేదు. ఇంతకంటే విచిత్రం ఇంకొకటుంది. తాత్కాలిక ఉద్యోగ వీసా హెచ్-1బీకి ఈ 7 శాతం పరిమితి లేదు. ఏటా ఆమోదం పొందే హెచ్-1బీల్లో దాదాపు 70 శాతం భారతీయులవే. లోపలికి పిలిచేటప్పుడు ఏ దేశమని అడగరు. కుర్చీ వేయాల్సి వచ్చినప్పుడు మాత్రం పుట్టిన ఊరు అడుగుతారు.

పుట్టిన ఊరే అడుగుతారు, పౌరసత్వం కాదు. ఇద్దరు హైదరాబాద్‌లో ఒకే కాలేజీలో చదివి, ఒకే కంపెనీలో ఒకే పని చేస్తూ ఉండొచ్చు. ఒకరి భార్య, ఆమె తండ్రి గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో కువైట్‌లో పుట్టి ఉంటే, ఆ దంపతులు కువైట్ ఖాతాలో నిలబడి ఏడాది రెండేళ్లలో బయటపడతారు. రెండో దంపతులు కడప జిల్లాలోనే పుట్టిన పాపానికి జీవితకాలం నిలబడాలి. జన్మస్థానాన్ని బట్టి మనిషి గతి నిర్ణయించే పద్ధతి మనకు కొత్త కాదు, అందుకే దాన్ని చూస్తే ఇంకాస్త ఒళ్లు మండుతుంది.

తిరుమలలో సర్వదర్శనానికి కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్న భక్తుడికి ఇన్ని గంటలు పడుతుందని ముందే చెబుతారు. ఇక్కడ ఆ మాట చెప్పేవాడే లేడు. ఇప్పుడు కార్డు అందుకుంటున్నవారు పన్నెండేళ్లు ఆగారు కాబట్టి, ఇవాళ వరుసలో చేరినవారూ పన్నెండేళ్లు ఆగితే చాలనుకుంటే పొరపాటు. వెనుక వరుస ముందుదానికంటే ఎన్నో రెట్లు పెరిగింది. కొత్తగా చేరే భారతీయుడికి 134 ఏళ్లు పట్టొచ్చని కాటో ఇన్‌స్టిట్యూట్ 2023లో లెక్కగట్టింది. అప్పటికి వరుసలో ఉన్న 18 లక్షల మందిలో 11 లక్షల మంది మనవాళ్లే. నూట ముప్పై నాలుగేళ్లు అంటే ఎదురుచూపు కాదు, తిరస్కారం. ఆ మాట నోటితో అనకుండా పని చేయించుకుంటున్నారు, పన్నులు కట్టించుకుంటున్నారు. మా అభ్యంతరం మొదట అక్కడే.

ఈలోగా బతుకు ఎలా ఉంటుందంటే, పదోన్నతి వస్తే సంతోషించే ముందు లాయరుకు ఫోన్ చేయాలి, కొత్త హోదాలో పని మారితే పాత పెర్మ్ చెల్లుతుందో లేదోనని. ఉద్యోగం మారితే ప్రయారిటీ డేట్ నిలుస్తుంది, కానీ పెర్మ్, ఐ-140 మళ్లీ మొదటి నుంచి. ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఇల్లు, కారు, పిల్లల బడి, పదిహేనేళ్ల కాపురం, అన్నిటికీ అరవై రోజులే. 2022 చివరి నుంచి టెక్ కంపెనీలు వేలల్లో మనుషుల్ని తీసేసినప్పుడు ఈ అరవై అంకె ఎందరిని నిద్ర లేకుండా చేసిందో ఆ ఇళ్లకే తెలుసు. ఊళ్లో తల్లి పోయిందని కబురొస్తే మొదట వచ్చేది ఏడుపు కాదు, వీసా స్టాంపింగ్ గుబులు. వెళితే నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుంది, తిరిగి రానిస్తారా? వీడియో కాల్‌లో దహనసంస్కారాలు చూసిన కొడుకులు మన మధ్య ఉన్నారు.

అందరికంటే ఎక్కువ నష్టపోతున్నది పిల్లలు. రెండేళ్ల వయసులో తల్లిదండ్రుల వెంట వెళ్లి, అక్కడే అక్షరాలు దిద్దుకుని, తెలుగు కూడా అమెరికా యాసలో మాట్లాడే పిల్లవాడు 21 ఏళ్లు నిండిన రోజున తల్లిదండ్రుల దరఖాస్తులోంచి బయటపడిపోతాడు. ఐ-140 పెండింగ్‌లో ఉన్న కొద్ది నెలలు మాత్రం వయసులోంచి తీసేస్తారు. దశాబ్దాల నిరీక్షణకు ఆ నెలలు ఏ మూలకు? 2025 ఆగస్టులో ఆ వయసు లెక్కను ఇంకా బిగించారు. ఆ పిల్లవాడు పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థిగా ఫీజు కట్టి చదవాలి, లేదా తాను చూసిన గుర్తు కూడా లేని దేశానికి 'తిరిగి' రావాలి. ఎక్కడికి తిరిగి?

పిల్లలకే కాదు, భార్యలకూ రక్షణ లేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రం ఒలేత్‌లో ఒక బార్‌లో జాతివిద్వేషి కాల్పులకు మన హైదరాబాద్ ఇంజనీరు బలయ్యాడు. ఆయన వీసా మీదే ఆధారపడి ఉన్న భార్యకు, భర్త ప్రాణంతో పాటే ఆ దేశంలో ఉండే హక్కూ పోయింది. ఆ ప్రాంత కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ చొరవ తీసుకోబట్టి తాత్కాలిక అనుమతి దొరికింది. హత్యకు గురైనవాడి భార్యను ఎవరో ఒక పెద్దమనిషి దయ మీద నిలబెట్టిన చట్టాన్ని లోపం ఉన్న చట్టం అంటే సరిపోదు, సిగ్గులేని చట్టం అనాలి.

మరి పరిష్కారం? ప్రవాస తెలుగువారిలో ఎక్కువ మంది కోరుతున్నది దేశాలవారీ పరిమితి ఎత్తేయమని. న్యాయమైన కోరికే. 2019 జూలైలో ప్రతినిధుల సభ దాన్ని 365-65 ఓట్లతో ఆమోదించింది. 2020 డిసెంబరులో సెనేట్ మరో రూపంలో ఆమోదించింది. రెండూ కలవక బిల్లు చచ్చిపోయింది. 2022 డిసెంబరులో మళ్లీ సభ ముందుకొచ్చి ఓటింగ్ దాకా రాకుండానే వెనక్కి వెళ్లింది. ఎందుకు వెళ్లిందో మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. మొత్తం సంఖ్య పెంచకుండా పరిమితి మాత్రమే ఎత్తేస్తే, కొన్నేళ్ల పాటు దాదాపు అన్ని కార్డులూ మనవాళ్లకే వెళ్తాయి. ఫిలిప్పీన్స్ నర్సు, నైజీరియా డాక్టరు మన స్థానంలోకి వచ్చి నిలబడతారు. మన బాధను వాళ్ల నెత్తిన పెట్టే పరిష్కారానికి వాళ్లు చప్పట్లు కొట్టలేదని తప్పు పట్టలేం. ఒక వలసదారుణ్ణి మరొకరి మీదికి ఉసిగొల్పే ఈ పోట్లాటలో ఏళ్లు గడిచిపోయాయి.

మా మాట వేరు. నిలబడిన కాలమే అర్హత కావాలి. ఐ-140 ఆమోదం పొంది, పదేళ్లు చట్టబద్ధంగా ఆ దేశంలో ఉండి, పన్ను కట్టినవారికి నంబరుతో నిమిత్తం లేకుండా శాశ్వత నివాసం ఇవ్వాలి. 1,40,000లో అది లెక్క కాకూడదు, ఎవరి వాటాలోంచీ తీయకూడదు. తల్లిదండ్రుల ఐ-140 వేసిన రోజునే పిల్లల వయసు ఆగిపోవాలి.

ఇది అమెరికా చట్టానికి తెలియని సూత్రం అయితే మేము ఇంత గట్టిగా అడిగేవాళ్లం కాదు. రిజిస్ట్రీ అనే నిబంధన 1929 నుంచి వారి చట్టంలో ఉంది. ఫలానా తేదీకి ముందు నుంచి ఇక్కడే ఉంటున్న సచ్ఛీలుడికి, అతను ఎలా వచ్చాడన్నది పెద్దగా తవ్వకుండా, నివాసం ఇవ్వొచ్చని దాని సారాంశం. దానికి వార్షిక సంఖ్యా పరిమితి లేదు. కాలం గడిచేకొద్దీ ఆ తేదీని కాంగ్రెస్ ముందుకు జరుపుతూ వచ్చింది. చివరిసారి జరిపింది 1986లో, రీగన్ కాలంలో. అప్పుడు పెట్టిన తేదీ 1972 జనవరి 1. నేటికీ అదే. అదే చట్టంతో, పత్రాలు లేని దాదాపు 27 లక్షల మందికి నివాసం దక్కింది. పత్రాలు లేనివారికి కాలం చూసి ఇచ్చిన దేశం, పత్రాలన్నీ ఉన్నవారికి కాలం చూసి ఇవ్వలేనంటే ఏమని నమ్మాలి?

ఎదురయ్యే వాదనలు తెలిసినవే. తాత్కాలిక వీసా మీద వచ్చారు, ఎవరూ మాట ఇవ్వలేదంటారు. ఇచ్చారు. హెచ్-1బీ గడువు ఆరేళ్లే. ఐ-140 ఉంటే ఆ ఆరేళ్లు దాటాక కూడా మూడేసి ఏళ్ల చొప్పున పొడిగించుకుంటూ పొమ్మని 2000లో చట్టం చేసింది కాంగ్రెస్సే. పాతికేళ్లుగా పొడిగిస్తున్నదాన్ని తాత్కాలికం అనే భాష ఎక్కడిది? వీళ్ల వల్ల అమెరికన్ల జీతాలు తగ్గుతున్నాయంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. ఉద్యోగం మారలేనివాడు జీతం అడగలేడు, అతణ్ణి చూపించి పక్కవాడికీ తక్కువ ఇస్తారు. ఆ కట్టు తెంచితే లాభపడేది అమెరికన్ ఉద్యోగి కూడా. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించిన ప్రభుత్వానికి సైతం ఈ సవరణపై చెప్పడానికి అభ్యంతరం ఉండకూడదు. ఎందుకంటే దీనివల్ల కొత్తగా ఒక్క మనిషి కూడా విమానం దిగడు. వీళ్లంతా ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు.

ఉన్న నంబర్లయినా సరిగా పంచుతున్నారా అంటే అదీ లేదు. కోవిడ్ వల్ల మిగిలిన కుటుంబ వీసాలు కలిసి 2021 ఆర్థిక సంవత్సరంలో ఉద్యోగ కార్డులు 2,62,000 దాటాయి. అందులో దాదాపు 66,000 సెప్టెంబరు 30 లోపు ఫైళ్లు చూడలేక మురిగిపోయాయి. పదేళ్లు ఎదురుచూసినవారి కళ్లముందే.

మన తప్పులు దాచుకుని ఇతరులను నిలదీయడం సంపాదకీయ ధర్మం కాదు. ఒకే అభ్యర్థి పేరు మీద నాలుగైదు కన్సల్టెన్సీల చేత హెచ్-1బీ లాటరీ చీట్లు వేయించిన ఘనులలో మనవాళ్లూ ఉన్నారు. 2023 మార్చిలో లాటరీకి 7.8 లక్షల రిజిస్ట్రేషన్లు రావడం, వాటిలో సగానికి పైగా ఒకే మనిషికి పదేపదే వేసినవి కావడం ఆ తెలివి ఫలితమే. మరుసటి ఏడాది మనిషికి ఒకే చీటీ అని నిబంధన మార్చాల్సి వచ్చింది. ఈ గారడీల నష్టం ఆ కన్సల్టెన్సీలకు కాదు, వరుసలో నిజాయితీగా నిలబడినవారికి తగిలింది. తెలుగు సంఘాలు కూడా మహాసభల వేదిక మీద సినీతారలకు ఇచ్చే సమయంలో పావు వంతు స్థానిక కాంగ్రెస్ సభ్యులతో మాట్లాడించడానికి ఇస్తే బాగుంటుంది. ఢిల్లీ సంగతి సరేసరి. వాణిజ్య చర్చల్లో సుంకాలకు దొరికే చోటు ఈ లక్షల మందికి దొరకదు. డాలర్లు పంపే బిడ్డలు కావాలి గానీ వారి గొడవ ఆ దేశపు ఆంతరంగిక వ్యవహారమట.

అడిగితే పని జరిగిన సందర్భమూ ఉంది. 2007 జూలైకి అందరూ చివరి దరఖాస్తు వేసుకోవచ్చని ప్రకటించిన అమెరికా, జూలై 2న ఆ తలుపు మూసేసింది. వైద్య పరీక్షలకూ లాయర్లకూ డబ్బు పోసుకున్న మనవాళ్లు రాళ్లు వేయలేదు. మున్నాభాయ్ సినిమా చూసి వంట పట్టించుకున్న గాంధీగిరీతో వలస సేవల సంస్థ అధిపతికి వందల కొద్దీ పూలగుత్తులు పంపారు. ఆయన వాటిని గాయపడిన సైనికుల ఆసుపత్రులకు మళ్లించారు. జూలై 17న నిర్ణయం వెనక్కి తీసుకున్నారు.  ఆనాడు దరఖాస్తు వేయనివ్వమని అడిగారు, వేశారు. ఇవాళ అడగాల్సింది నిలబడిన కాలాన్ని అర్హతగా చట్టంలో చేర్చమని. రిజిస్ట్రీలో 1972 అని ఉన్న తేదీని చివరిసారి ముట్టుకున్న 1986లో పుట్టిన పిల్లలు, ఇప్పుడు నలభైకి చేరి, జుట్టు నెరిసి, ఈబీ-2 వరుసలో నిలబడి ఉన్నారు.