మన బడి మంచిదా, పక్కూరి బడి మంచిదా?



"పక్కూరి బడిలో నూటికి నూరు మందీ పాసయ్యారట" అనే మాట మీరు వినే ఉంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని కొందరు తమ పిల్లల్ని అక్కడికి మార్చేస్తారు. పిల్లలు తగ్గిన బడికి ఉపాధ్యాయ పోస్టులూ తగ్గుతాయి. అప్పుడు మిగిలినవారి చదువు నిజంగానే దెబ్బతింటుంది. కనుక బడులను పోల్చడం అరుగు మీది కబుర్లతో తేల్చే పని కాదు. దాన్ని కూడా శాస్త్రీయంగానే చెయ్యాలని నా అభిప్రాయం.

ఏడో తరగతితోనో, ఎనిమిదో తరగతితోనో ముగిసే ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఇప్పుడు పబ్లిక్ పరీక్ష లేదు. అందువల్ల పెద్దలకు పదో తరగతి శాతాలే కొలబద్ద అయ్యాయి. ఆ కొలబద్ద ఎంత నమ్మదగినది?

ఒక ప్రయోగం చేద్దాం. 10 నాణేలు ఎగరవేయండి. 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ బొమ్మలు పడటం వింతేమీ కాదు. సుమారు ఆరుసార్లలో ఒకసారి అలా జరుగుతుంది. అదే 100 నాణేలు ఎగరవేస్తే 70 గానీ అంతకు మించి గానీ బొమ్మలు పడటం లక్షసార్లలో నాలుగుసార్లు కూడా కష్టమే. సంఖ్య చిన్నదైతే అదృష్టం పాలు ఎక్కువ. 20 మంది రాసిన బడిలో ఒక్కరికి జ్వరం వచ్చి పరీక్ష తప్పితే 5 శాతం పడిపోతుంది. 200 మంది రాసిన చోట పడేది అర శాతమే. జాబితాలో అన్నిటికంటే పైనా, అన్నిటికంటే కిందా చిన్న బడులే తరచుగా కనబడటానికి ఇదొక కారణం.

మరి ఏ తేడాను నమ్మాలి? 2022లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ప్రాంతాలతో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. పదో తరగతి ఉత్తీర్ణతలో అది 2023లో 87.47, 2024లో 96.37, 2025లో 93.90 శాతంతో మూడేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. వేలమంది పిల్లలు, వరుసగా మూడేళ్లు! దీన్ని అదృష్టమని కొట్టివేయలేం. కొండ ప్రాంతపు పిల్లలు చదువులో వెనుకే అనేవారికి ఇది తగిన జవాబు.

అయినా శాతం చెప్పని సంగతి ఒకటుంది. పిల్లవాడు ఎక్కడ బయలుదేరాడు? సీతంపేట కొండల్లో సవర భాష మాట్లాడే ఇంటినుంచి వచ్చిన పిల్లవాడికి తెలుగు రెండో భాష. ఈ కష్టాన్ని గుర్తించే గిడుగు రామమూర్తి పంతులుగారు వందేళ్లకు పూర్వమే సవర భాషలో వాచకాలు రాశారు. అలాంటి పిల్లవాడికి 60 మార్కులు తెప్పించిన బడి, పట్టణంలో చదువుకున్నవారి ఇంటి పిల్లలకు 80 తెప్పించిన బడికంటే ఎక్కువ పనే చేసి ఉండవచ్చు.

బడిలోని వసతులను కూడా లెక్కించాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు 35 మంది పిల్లలకు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. సైన్సు, లెక్కలు చెప్పేందుకు తగిన ఉపాధ్యాయుడు ఉండాలి. గ్రంథాలయం ఉండాలి. మీ బడిలో ఇవి ఉన్నాయా? ప్రయోగ పరికరాలు బీరువాలోంచి బయటకు వస్తున్నాయా? ఈ ప్రశ్నలకు జవాబులు మీకంటే బాగా ఎవరికి తెలుసు?

ఈసారి ఎవరైనా శాతం చెప్పి బడిని పొగిడినా, తెగిడినా మర్యాదగా మూడు ప్రశ్నలు వెయ్యండి. ఎంతమంది రాశారు? ఎన్నేళ్ల లెక్క ఇది? చేరిన రోజున ఆ పిల్లలకు ఎంత వచ్చు? జవాబులు వచ్చాకే తీర్పు చెప్పమనండి.