ఎక్కడి దాకా బాగుంది?

పోయిన ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు తిరుపతి నుంచి అమ్మ ఫోన్. “ఒరేయ్, ఫోను పని చెయ్యలా.” నేను బెంగళూరులో, తెల్లారితే రిలీజ్ పెట్టుకుని కూర్చున్నా. “పని చెయ్యకపోతే నాతో ఎట్లా మాట్లాడతాండావు మా?” అన్నా. కొంచెం గట్టిగానే అన్నా. అవతల ఫోన్ మామ చేతికి పోయింది. “ఏమప్పా ఇంజినీరూ, అట్లా కసురుకుంటే ఎవురు చెప్తారు? ఎక్కడి దాకా బాగుందో అడుగు ముందు.”

ఈ ప్రశ్న మామది కాదు. 1997లో ఒక రాత్రి ఎస్టీడీ కాల్‌లో మద్రాసు నుంచి ఆయనకు వచ్చింది. అప్పుడు నాకు ఏడాది. మా ఇంట్లో చాలాసార్లు చెప్పుకునే కథ ఇది, ఈ వారం మీకూ చెప్తా.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. వీఎస్ఎన్ఎల్ ఇచ్చింది, అదీ మొదట పెద్ద నగరాల్లోనే. స్పీడు 9.6 కేబీపీఎస్. అంటే సెకనుకు సుమారు 1,200 ఇంగ్లిష్ అక్షరాలు. మామకు తిరుపతి కొర్లగుంటలో ఎస్టీడీ బూత్ ఉండేది, పక్కనే డీటీపీ పని కోసం ఒక కంప్యూటర్. మెయిల్ అకౌంట్ మాత్రం మద్రాసులో. మెయిల్ చూడాలంటే మోడెంతో 044 కొట్టి మద్రాసుకు ఎస్టీడీ చెయ్యాలి. కంప్యూటర్ అంకెల్ని కూతలుగా మార్చి ఫోన్ తీగలో పంపే డబ్బానే మోడెం. కూత మొదలైన దగ్గర్నుంచీ బూత్‌లో మీటర్ మీద ఎర్ర అంకెలు తిరుగుతూనే ఉంటాయి.

ఆ వారం అవ్వకు రాయవేలూరులో ఆపరేషన్. అమెరికాలో ఉన్న పెద్దమామ వస్తానన్నాడు. ఏ రోజు, ఏ ఫ్లైట్ అనేది టికెట్ దొరకగానే మెయిల్ పెడతానన్నాడు. ఆయన దిగే రోజు తెలిస్తేనే మద్రాసు ఎయిర్‌పోర్టుకు మనిషి పోవాలి, డాక్టరుకు తేదీ చెప్పాలి.

మామ మోడెం ఆన్ చేశాడు. డయల్ అయింది, కూత వచ్చింది, తెగింది. స్క్రీన్ మీద ‘నో క్యారియర్’. నాలుగుసార్లు అదే.

మద్రాసులో మామ క్లాస్‌మేట్ ఒకాయన కంప్యూటర్ కంపెనీలో పని చేసేవాడు. ఆ టైముకు ఆయన ఇంట్లో ఉన్నాడు, కంప్యూటరేమో ఆఫీసులో ఉంది. కాబట్టి ఆయనే మెయిల్ చూసి చెప్పే దారి లేదు. ఫోన్లో చెప్తే మామే చెయ్యాలి. ఇక్కడే అసలు తిప్పలు. మామకు ఉన్నది ఒకటే లైన్. మోడెం మాట్లాడుతుంటే మనిషి మాట్లాడలేడు. ఫ్రెండుతో మాట్లాడి, పెట్టేసి, మోడెంతో ట్రై చేసి, మళ్లీ ఫ్రెండుకు చెయ్యాలి. ప్రతిసారీ డబ్బులే.

“రేయ్, కనెక్ట్ కాలా” అన్నాడు మామ.

“అది నాకెందుకు? ఎక్కడి దాకా బాగుందో చెప్పు. డయల్ టోన్ వచ్చిందా? అవతల మోడెం ఎత్తిందా? కూత వినపడినాక తెగిందా, ముందే తెగిందా?”

“కూత మొదలుకాంగానే.”

“అయితే నంబరు కరెక్టు, లైను కరెక్టు, అవతల మోడెమూ బాగుంది. నీ మోడెమే తొందరపడతాంది.”

నిజమే. డయల్ చేశాక అవతలి కూత కోసం ఇన్ని సెకన్లే చూస్తానని మోడెంలో ఒక లెక్క ఉంటుంది. చాలా మోడెంలలో అది 50. ఎస్టీడీ కాల్ ఎక్స్ఛేంజీలు దాటి, రింగై, రెండు మోడెంలు ఒకదాని భాష ఒకటి పట్టుకునేసరికి ఆ గడువు అయిపోతోంది. ఎస్7 అనే సెట్టింగ్‌ను 90 చెయ్యమన్నాడు. చేస్తే కనెక్ట్ అయింది.

అంతటితో అయిపోలేదు. మెయిల్ సాఫ్ట్‌వేర్ ‘3లో 1’ అని చూపించింది. ఒకటోది వచ్చింది. రెండోది సగంలో ఉండగా లైన్ తెగింది. మళ్లీ చేస్తే ఒకటోదే ఇంకోసారి వచ్చింది, రెండోది మొదటికొచ్చింది. మూడుసార్లు చేస్తే ఒకటో మెయిల్ మూడు కాపీలు. పాప్3 పద్ధతి అంతే. మెయిల్ నాకు చేరింది, తీసెయ్ అని చెప్పినా సర్వర్ వెంటనే తియ్యదు. చివర్లో ‘క్విట్’ అని సెలవు తీసుకుంటేనే తీస్తుంది. మధ్యలో తెగితే ఏదీ చెరపకుండా అట్లే ఉంచుతుంది. మెయిల్ పోకూడదని పెట్టిన రూలే ఆ రాత్రి అడ్డం పడింది.

మళ్లీ మద్రాసుకు ఫోన్. ఈసారి మామ పాత లెక్కల పుస్తకం వెనక పేజీలో ఏం చేసిందీ, ఏం వచ్చిందీ వరసగా రాసుకుని చదివాడు. ఫ్రెండు మెయిల్ సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టమన్నాడు. టెల్‌నెట్‌తో నేరుగా సర్వర్‌లోకి పోయి ‘లిస్ట్’ కొట్టమన్నాడు. కొడితే మూడు మెయిల్స్ సైజులు వచ్చాయి. రెండోది దాదాపు 14 లక్షల బైట్లు. ఆ స్పీడుకు ఇరవై నిమిషాల పని. మూడోది 1,200 బైట్లు, ఒక్క సెకను. రెండోదాన్ని ముట్టుకోకుండా మూడోదాన్ని మాత్రం అడిగాడు. వచ్చింది. ఎల్లుండి రాత్రి మద్రాసులో దిగుతున్నాడు పెద్దమామ.

రెండోది ఏంది మరి? ఒకటో మెయిల్‌లోనే రాసుంది. పెద్దమామ కూతురి ఫోటో. పుట్టి మూడు నెలలు. అవ్వ ఇంకా చూడలేదు.

“లైన్ ఎందుకు తెగతాందో అది కూడా చూడు. ఇంట్లో ఇంకో ఫోన్ ఉందా?” అన్నాడు ఫ్రెండు. ఉంది. అదే లైన్ మీద లోపలి గదిలో, అవ్వ మంచం పక్కన. కొడుకు ఫోన్ చేస్తాడేమోనని అవ్వ ఐదు నిమిషాలకోసారి రిసీవర్ ఎత్తి, లైన్ ఉందో లేదో వినేది. ఏదో గుర్రుమని వినపడితే పెట్టేసేది. అవ్వ ఎత్తిన ప్రతిసారీ మోడెం కనెక్షన్ పోయేది.

మామ ఆమెను ఏమీ అనలేదు. రాత్రి 11 దాటితే ఎస్టీడీ పావు రేటు. అందాకా ఆగి, “మా, పాప ఫోటో వస్తాండాది. ఆ ఫోను ఎవురూ ఎత్తకుండా చూసుకో” అన్నాడు. అవ్వ రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుని ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుందట. ఫోటో వచ్చింది. మామ ప్రింట్ తీసిచ్చాడు. వేలూరుకు పోయేటప్పుడు అవ్వ దాన్ని సంచిలో పెట్టుకునిపోయింది. ఆపరేషన్ తర్వాత పదకొండేళ్లు ఉంది.

ఇప్పుడు మనకు లైన్ ఖర్చు లేదు. అందుకే ‘రాలేదు’, ‘పోయింది’, ‘పని చెయ్యట్లేదు’ అని ఒక్క ముక్క మెసేజ్ పడేస్తాం. సాయం చేసేవాళ్లం మేమూ తక్కువేం కాదు, రీస్టార్ట్ చెయ్యి అంటాం. ఈసారి చెప్పేటప్పుడు ఇవి చెప్పండి: ఏం నొక్కారు, స్క్రీన్ మీద అచ్చంగా ఏం రాసుంది, ఎక్కడి దాకా బాగుంది. మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చండి.

ఆదివారం నేనూ అమ్మను అట్లే అడిగా. కాల్స్ వస్తున్నాయి. మెసేజ్‌లు వస్తున్నాయి. ఫోటోలు మాత్రం తెరుచుకోవట్లేదు. స్టోరేజ్ నిండిపోయింది, అన్నీ గుడ్ మార్నింగ్ పూలే. ఏవి తీసెయ్యాలో చెప్తూ పోయా. ఒకచోట అమ్మ ఆగింది.

“ఇది తియ్యనురా. అవ్వ సంచిలో ఉన్న ప్రింటుకు మామ మొన్న ఫోన్లో ఫోటో తీసి పంపినాడు.”

అది ఉంచి మిగతావి తీసేశాం.