ఎద్దు కాలి గాయానికి ముందు నీళ్లు, ఆ తర్వాతే మందు



మొన్న పొద్దుగాల ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. గుంటక తోలేటప్పుడు ఇనుము తగిలి వలపటి ఎద్దు వెనక కాలికి తోలు తెగిందంట. "అన్నా, ఏం పోయాలె?" అని అడిగిండు. మనందరి తప్పు ఆ ప్రశ్నలోనే ఉంది. గాయం కాంగనే ఏం పోయాలె అంటాం గానీ, ఎట్ల కడగాలె అని ఎవరమూ అడగం.

నేనూ అదే తప్పు చేసిన. నాలుగేండ్ల కింద మా ఎద్దుకు కంచె తీగ తగిలి వేలెడంత తెగింది. ఎవరో చెప్పిన్రని ట్రాక్టర్ల నుంచి తీసిన కాలిన ఇంజన్ ఆయిల్ పోసిన. పైన నల్లగ కప్పుకుంది, ఈగ వాలలేదు, నయమైతుందనుకున్న. అయిదో రోజుకు వాసన మొదలైంది. ఎద్దు కాలు ఊరికే నేలకు కొడుతుంది. డాక్టర్ వచ్చి ఆ నలుపంతా కడిగితే లోపల చీము, పురుగులు. సరిగ్గా పత్తి విత్తే రోజుల్లో ఇరవై రోజులు కాడి దించిన. అప్పు తెచ్చి ట్రాక్టర్ కిరాయి కట్టిన. వేలెడు గాయం అంత ఖర్చు తెచ్చింది.

"మా తాతలు పోసిన్రు, ఎద్దులు బతికినయి" అంటారు. మన తాతల కాలంల ఊర్లల్ల ఇంజన్లు ఎన్ని ఉండె? వాళ్లు వాడింది పసుపు, వేపనూనె. వాటిని నేను తప్పు పట్టను. కానీ మట్టి, పేడ ఉన్న గాయం మీద పసుపు అద్దితే మురికిని లోపల పెట్టి మూత వేసినట్టే. ఇంజన్ ఆయిల్, ఫినాయిల్, కిరోసిన్, బ్యాటరీ నీళ్లు మాత్రం పుండు మీద కారం చల్లినట్టే. కొత్తగ వచ్చే కండను కూడా కాలుస్తయి.

ఇంట్ల చేసుకునే పని ఇది. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో పది నిమిషాలు గట్టిగ ఒత్తి పట్టాలె, నడుమ నడుమ ఎత్తి చూడొద్దు. ఆగినంక కాచి చల్లార్చిన లీటరు నీళ్లల్ల 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో ఒకటిన్నర, కలిపి ధారగ పోసి కడగాలె. మట్టి పోయేదాకా కడగాలె, లీటరు చాలకపోతే రెండు. చుట్టూ వెంట్రుకలు కత్తిరించాలె. ఆ తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను పలచటి టీ రంగుకు నీళ్లు కలిపి పోస్తే చాలు. వేపనూనె గాయం లోపల కాదు, ఈగలు రాకుండ చుట్టూ రాయాలె. పొద్దున, సాయంత్రం చూడాలె. కొట్టం పొడిగ ఉండాలె. గాయం ఆరేదాకా కాడి పెట్టొద్దు. ఈ ఆఖరి మాటే మనకు కష్టం, నాకు తెలుసు. కానీ రెండు రోజుల పని కోసం ఎద్దును పోగొట్టుకోవద్దు.

ఇంటి వైద్యానికి ఒక గీత ఉంది. కీలు దగ్గర గాయమైనా, మేకు లోతుగ దిగినా, ఎముకో నరమో కనపడినా, కాలు కింద పెట్టకపోయినా, పురుగులు పడినా ఇంట్ల ఆపకుండ 1962కు ఫోన్ చేయండి, లేకుంటే పశువుల దవాఖానకు కొట్టుకపోండి. గిట్టల నడుమ పుండు, నోట్ల చొంగ, జ్వరం కలిసి ఉంటే అది దెబ్బ కాదు, గాలికుంటు కావచ్చు. దాన్ని మందల నుంచి వెంటనే వేరు చేయాలె.

పెళ్లి బారాత్‌లకు గుర్రం పెట్టుకున్నోళ్లకు ఇంకో మాట. ధనుర్వాతం తెచ్చే క్రిమి మట్టిల, పేడల ఉంటది. అన్ని పశువుల కన్నా గుర్రానికే అది తొందరగ సోకుతది. మోకాలి కింద చిన్న మేకు గుచ్చుకున్నా టీకా సంగతి డాక్టర్‌ను అడగాల్సిందే. గుర్రం కాలు కింది భాగంల కండ తక్కువ, మానుడు ఆలస్యం. మంట పుట్టించే మందులు పోస్తే పుండు మీద కండ పెరిగి ఇంకా ముదురుతది.

నొప్పికని మనుషుల డైక్లోఫెనాక్ సూది తెచ్చి పొడిచే అలవాటు కూడా మానాలె. పశువులకు అది 2006లనే నిషేధించిన్రు. ఆ మందు పడ్డ పశువు చచ్చినంక దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి అవి చచ్చిపోయినయి. నొప్పికి ఏం ఇయ్యాలెనో డాక్టరే చెప్పాలె.

నా మాట ఒకటే. పురుగుల మందు డబ్బాకు వేలు పెడతం గదా. కొట్టంల ఒక చిన్న డబ్బా పెట్టుకోండి: ఉప్పు పొట్లం, అయోడిన్ సీసా, శుభ్రమైన నూలుబట్ట, కత్తెర. దాని మూత మీద 1962 అని రాసి పెట్టండి. ఫోన్ చేసిన తమ్ముడు ఆ పొద్దున్నే కడిగిండు. నిన్న అడిగితే గాయం పొడిగ ఉందన్నడు. కాడి మాత్రం ఇంకా పెట్టలేదు. మంచి పని చేసిండు.