పాత వంతెన మీద కొత్త కొలువులుంటాయా?

కొవ్వూరు దాటి రాజమండ్రి వస్తుంటే, రైలు ఆర్చి బ్రిడ్జి ఎక్కగానే పక్కన ఓ పాత వంతెన కనిపిస్తుంది. అదే హేవలాక్ బ్రిడ్జి. 1900 నుంచి 1997 దాకా దాదాపు వందేళ్లు రైళ్లను మోసింది. ఆ తర్వాత రిటైరైంది. హైదరాబాద్‌కో, బెంగళూరుకో ఇంటర్వ్యూకు వెళ్తూ మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. ఇప్పుడు ఆ వంతెనకు మళ్లీ పని దొరుకుతోంది. మరి మీకు?

2025 జూన్ 26న రాజమండ్రిలో 'అఖండ గోదావరి' ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. విలువ రూ.94.44 కోట్లు. హేవలాక్ వంతెనను పర్యాటక కేంద్రంగా మార్చడం, పుష్కర్ ఘాట్‌ను, కడియం నర్సరీలను ఇందులో కలపడం ముఖ్యాంశాలు. ఈ డబ్బు కేంద్రం ఉచితంగా ఇస్తున్నది కాదు. రాష్ట్రాలకు పెట్టుబడి సాయం కింద ఇచ్చే 50 ఏళ్ల వడ్డీ లేని రుణం. వడ్డీ లేకపోయినా అసలు కట్టాలి. కట్టేది మీ తరమే. కాబట్టి 'దీంతో మాకేంటి?' అని అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది.

ఇలాంటి ప్రయోగాలు బయట చాలానే జరిగాయి. హేవలాక్ ఆగిన 1997లోనే, స్పెయిన్‌లోని బిల్బావోలో గుగ్గెన్‌హైమ్ మ్యూజియం తెరిచారు. నౌకా నిర్మాణం, ఉక్కు పరిశ్రమలు దెబ్బతిన్న ఆ రేవు పట్టణానికి అది కొత్త గుర్తింపు తెచ్చింది. న్యూయార్క్‌లో 1980లో రైళ్లు ఆగిపోయిన ఎత్తైన రైలు మార్గాన్ని 2009లో 'హై లైన్' పార్కుగా తెరిచారు. జనం పోటెత్తారు. కానీ చుట్టుపక్కల అద్దెలూ పెరిగాయి. అక్కడి పేద కుటుంబాలకు తగినంత మేలు చేయలేకపోయామని ఆ పార్కును మొదలుపెట్టినవాళ్లలో ఒకరే తర్వాత ఒప్పుకున్నారు. అంటే ఊరు మెరిసినంత మాత్రాన ఊరివాళ్లందరి బతుకూ మెరుస్తుందని లేదు.

ఉద్యోగాల సంగతికొద్దాం. ఇలాంటి ప్రాజెక్టుల్లో పని మూడు దశల్లో వస్తుంది. మొదటిది నిర్మాణం. సివిల్, ఎలక్ట్రికల్ వాళ్లకు సైట్ ఇంజినీర్ పనులు, తుప్పు పట్టిన ఇనుము పరీక్షలు, సర్వేలు ఉంటాయి. ఇవి ఎక్కువగా కాంట్రాక్టర్ దగ్గర, పని ఉన్నన్నాళ్లే. రెండోది నిర్వహణ. టికెట్లు, లైటింగ్, భద్రత, శుభ్రత, బోట్లు, ఈవెంట్లు. ఏళ్ల తరబడి జీతం వచ్చేది ఇక్కడే. మూడోది చుట్టూ పుట్టే చిన్న వ్యాపారాలు: హోంస్టేలు, తిండి, గైడ్లు, బొమ్మలు, బట్టలు.

శంకుస్థాపన ఫొటోల్లో మొదటి దశే కనిపిస్తుంది. అసలు పరీక్ష రెండో దశది. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. పన్నెండు రోజుల పండగ కోసం హడావుడిగా రంగులేసి, తర్వాత పన్నెండేళ్లు వదిలేస్తే మిగిలేది రుణమే. మన కాకినాడనే చూడండి. సముద్రం ఒడ్డున ఉన్న ఆ ఊరు 2016 జనవరిలో దేశంలోని తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాలో చోటు దక్కించుకుంది. 2025 మార్చి 31తో ఆ మిషన్ గడువు ముగిసింది. కట్టినవాటిని నడపాల్సిన బాధ్యత మాత్రం ముగియదు. అందుకే ఏ ప్రాజెక్టు వార్త చదివినా కోట్ల అంకె దగ్గర ఆగకండి. టెండర్ పత్రంలో నిర్వహణ ఎవరిది, ఎన్నేళ్లకు, డబ్బు ఎక్కణ్నుంచి అన్న పేజీ వెతకండి. కొలువుల లెక్క అక్కడ తేలుతుంది.

ఇక కళ, తిండి. ఈ రెండూ మనకు కొత్తగా కట్టాల్సినవి కావు. చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టింది హేవలాక్ వంతెన నిర్మాణం మొదలైన 1897లోనే. 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయారు. అంటే మీకంటే అయిదారేళ్లు పెద్ద, అంతే! ఆయన పేరిట రాజమండ్రిలో ఆర్ట్ గ్యాలరీ ఉంది. చూశారా? వంతెన చూడ్డానికొచ్చే టూరిస్టుకు ఆ కథను తెలుగులో, హిందీలో, ఇంగ్లిష్‌లో చెప్పే ఆడియో గైడ్ చేయడం ఒక మంచి ఫైనలియర్ ప్రాజెక్టు. నా అనుభవంతో చెబుతున్నా: ఇంటర్వ్యూలో నలుగురూ చూపించే లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ కంటే నిజంగా పదిమంది వాడిన చిన్న యాప్‌కే ఎక్కువ ప్రశ్నలొస్తాయి.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. అయితే ఆ పేరు పెట్టుకుని ఎవరుపడితే వాళ్లు అమ్మకూడదు. ఆ ప్రాంతపు తయారీదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు చేసుకోవాలి. ఆ దరఖాస్తులు, ఆహార భద్రత లైసెన్సు, ఆన్‌లైన్ అమ్మకం, రేకు విరక్కుండా పార్సిల్ చేసే ప్యాకింగ్... ఇవి చదువుకున్నవాళ్లు తోడైతే సులువయ్యే పనులు. రేకు తీసే చేయి ఆ ఊరి ఆడవాళ్లది. లాభంలో వాళ్ల వాటా తేల్చాకే మీ స్టార్టప్ పేరు పెట్టండి.

ఇంకో మాట. ఘాట్లు బాగుచేసేటప్పుడు మొదట కదిలేది తోపుడుబండ్లే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా వాళ్లను ఖాళీ చేయించకూడదు. మీ ఇంటి అద్దె, మీ ఫీజు అలాంటి బండి మీదే నడిచి ఉండొచ్చు. ఆ సంగతి వాళ్లకు చెప్పడం కూడా చదువుకున్నవాళ్ల పనే.

అయితే వచ్చిన ఆఫర్ లెటర్ వదిలేసుకుని ఊళ్లో కూర్చోవాలా? వద్దు. ఫ్రెషర్‌కి మొదటి జీతం ముఖ్యం, వెళ్లండి. కానీ ఈ సెలవుల్లో ఒక్క పని చేయండి. మీ ఊరి ప్రాజెక్టు టెండర్ ఒకటి తీసి నిర్వహణ పేజీ చదవండి. అక్కడ రాసిన పనుల్లో మీకు వచ్చినవి ఎన్ని, నేర్చుకోవాల్సినవి ఎన్ని అని గీత గీయండి. రెండో వైపున్న జాబితాయే మీ తర్వాతి సెమిస్టర్ సిలబస్.