పండుగ తరువాత తూకానికి రానివారికి



జనవరి నెలాఖరు వచ్చేసరికి మా ఓపీలో ప్రతి సంవత్సరం ఒక సంగతి కనిపిస్తుంది. నవంబరు దాకా నెలనెలా వచ్చి, బీపీ, షుగర్ చూపించుకొని, తూకం ఎక్కి, "ఈసారి కేజీ తగ్గినా సిస్టరమ్మా" అని నవ్వుకుంటూ వెళ్ళినవారిలో కొందరు కనపడకుండా పోతారు. క్రిస్మస్, కొత్త సంవత్సరం, సంక్రాంతి అన్నీ నెల రోజుల్లోనే వస్తాయి. మన సంఘాలలో పెళ్ళిళ్ళు కూడా ఆ సెలవుల్లోనే ఎక్కువ. ఇంటింటి నుండి అరిసెలు, కజ్జికాయలు, కేకు ముక్కలు వస్తూనే ఉంటాయి. ఆరు నెలలు కష్టపడి తగ్గించుకున్న మూడు కిలోలు తిరిగి వచ్చి ఉంటాయని వారికి తెలుసు. ఆ ముల్లును చూడాలంటే సిగ్గు. మాచేత మాట పడాలంటే భయం.

అలా ఫిబ్రవరి పోతుంది, మార్చి పోతుంది. తూకంతోపాటు బీపీ చూపించుకోవడం, మాత్రలు తీసుకొని వెళ్ళడం కూడా ఆగిపోతాయి. ఎండాకాలంలో మళ్ళీ వచ్చేసరికి కాలి వేలికి పుండు ఉంటుంది, షుగర్ 300 దాటి ఉంటుంది. ఇన్ని రోజులు ఎందుకు రాలేదమ్మా అంటే, "మళ్ళీ లావైనా కదా, మొగం ఎట్ల సూపించల్ల సిస్టరమ్మా" అంటారు. ముప్ఫై ఏళ్ళుగా వార్డుల్లో, ఓపీలో పని చేస్తున్న నా అభిప్రాయం ఏమిటంటే, తిరిగి వచ్చిన ఆ మూడు కిలోలు మనిషికి చేసే కీడు తక్కువ. ఆ మూడు కిలోల సిగ్గుతో ఇంట్లో కూర్చోవడం వల్ల జరిగే కీడే ఎక్కువ.

మొదట ఆ ముల్లు సంగతి చూద్దాం. పెళ్ళి భోజనం తిన్న మరునాడు తూకం ఎక్కితే కిలోన్నర, రెండు కిలోలు పెరిగినట్టు చూపిస్తుంది. అది కొవ్వు కాదు. ఒక కిలో కొవ్వు పేరుకోవాలంటే ఒంటి అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. పలావు, కోడికూర, వడలు, పాయసం ఎంత తిన్నా రోజు తిండికంటే రెండు వేల కేలరీలు ఎక్కువ తిన్నామనుకుంటే, దాని ఫలితం పావు కిలో. మిగిలినది ఉప్పు, అన్నం పట్టి ఉంచిన నీరు, కడుపులో ఇంకా ఉన్న తిండి. మామూలు తిండికి వచ్చేస్తే నాలుగైదు రోజుల్లో ఆ నీరు పోతుంది. అందుకే పండుగ మరునాడు తూకం ఎక్కవద్దని, వారం ఆగి ఎక్కమని మా స్టాఫ్ చెబుతారు. వారం ఆగమంటే మూడు నెలలు ఆగడం మాత్రం వద్దు.

ఇక నిజంగానే కొవ్వు తిరిగి వచ్చిందనుకుందాం. "నాకు నోరు కట్టుకోవడం చేతకాదు, నాది బలహీనమైన మనసు" అని చాలామంది తమను తామే తిట్టుకుంటారు. ఈ మాట నాకు నచ్చదు. 1944, 45 సంవత్సరాలలో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం జరిగింది. యుద్ధంలో ఆయుధం పట్టమని నిరాకరించిన 36 మంది యువకులు దానికి ఒప్పుకొని వచ్చారు. క్వేకర్లు, బ్రెదరెన్, మెన్నోనైట్ల వంటి శాంతి సంఘాలవారు వారిలో ఉన్నారు. (మెన్నోనైట్ అనే పేరు మహబూబ్‌నగర్ వైపు బంధువులున్న మనవాళ్ళకు కొత్త కాదు.) ఆరు నెలలు వారికి సగం తిండి పెట్టారు. వారి బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. మనసు గట్టిదని ఒప్పుకోవలసిన ఆ మనుషులు సైతం పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు. వంట పుస్తకాలు పోగు చేసుకున్నారు. తిండి మళ్ళీ పెట్టాక, కడుపు నిండినా ఆకలి తీరలేదన్నారు. శరీరం తగ్గిన బరువును కరువుగా లెక్క వేసుకుంటుంది. తిరిగి సంపాదించుకోవాలని చూస్తుంది.

2011లో ఆస్ట్రేలియా వైద్యులు ఈ సంగతినే రక్త పరీక్షలతో చూపించారు. బరువు తగ్గినవారిలో ఆకలి పుట్టించే హార్మోన్లు ఏడాది గడిచినా మునుపటి స్థాయికి రాలేదు. ఇప్పుడు మన దేశానికి కూడా వచ్చిన బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల గురించి కొందరు అడుగుతున్నారు. అవి ఎవరికి తగునో డాక్టరుగారే చెప్పాలి. కానీ అందులోనూ ఇదే కథ. సెమాగ్లుటైడ్ అనే మందు ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు 2022లో వెలువడిన పరిశోధన చెప్పింది. అంత ఖరీదైన మందు తీసుకున్నవారికే ఇలా ఉంటే, మూడు పండుగలు దాటి వచ్చిన మనం తలదించుకోవలసిన పని ఏముంది?

"అయితే తగ్గి ఏం లాభం సిస్టర్, మళ్ళీ వచ్చేదే కదా" అని అడగవచ్చు. లాభం ఉంది. అమెరికాలో షుగర్ వచ్చేందుకు దగ్గరగా ఉన్నవారికి ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక గురిగా పెట్టారు. అంటే 70 కిలోల మనిషి 5 కిలోలు తగ్గాలి. ఏమీ చేయనివారితో పోలిస్తే వారికి షుగర్ వ్యాధి రావడం 58 శాతం తగ్గిందని 2002లో ప్రకటించారు. ఆ తరువాతి సంవత్సరాలలో వారికీ బరువు చాలా వరకు తిరిగి వచ్చింది. అయినా పదేళ్ళ తరువాత లెక్క చూస్తే షుగర్ వచ్చినవారు 34 శాతం తక్కువగానే ఉన్నారు. పోగొట్టుకున్న బరువు వచ్చింది గానీ, చేసిన మేలు పోలేదు.

మన పక్కనే చెన్నైలో డాక్టర్ రామచంద్రన్‌గారి బృందం చేసిన పరిశోధన ఇంకా దగ్గరి మాట చెబుతుంది. 2006లో అది వెలువడింది. తిండి మార్చుకొని నడక అలవాటు చేసుకున్న మనలాంటివారిలో షుగర్ వచ్చే ప్రమాదం దాదాపు 28 శాతం తగ్గింది. విశేషమేమిటంటే వారి బరువు పెద్దగా తగ్గలేదు. ముల్లు కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంది. నాలుగు నెలలు నడిచినా కిలో కూడా తగ్గలేదని చెప్పులు మూలన పడేసినవారు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

ఇక మన రాయలసీమ సంగతి. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాలు ఎంత నష్టపోయాయో పెద్దలు చెప్పగా విన్నవారున్నారు. ఆ తరువాత కూడా వాన తప్పిన ఏళ్ళు తక్కువేమీ కాదు. ఇలాంటి నేలమీద ఒళ్ళు ఉండడం అంటే ఇంట్లో గింజలున్నాయని అర్థం. అందుకే అమ్మమ్మలు, మనిషి నాలుగు కిలోలు తగ్గగానే "ఏమే, చిక్కిపోయినావు, ఏం రోగం" అని కంగారుపడి ఇంకొక ముద్ద వేస్తారు. అది ప్రేమే. దాన్ని కాదనలేక తిన్నవారిని నేను తప్పు పట్టను. మెట్ట పైర్లయిన జొన్న, కొర్ర, అరికెల స్థానంలోకి తెల్లన్నం మూడు పూటలా వచ్చిందీ ఆ ఆకలి చరిత్ర వల్లనే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినప్పుడు ఊళ్ళలో ఎంత సంబరమో మా వయసువారికి తెలుసు. కె.సి. కెనాల్ కింద పండే సోనామసూరి అన్నం తినగలగడం గౌరవమైంది. ఇప్పుడు ఒక్కసారిగా "అన్నం మానేయ్" అని చెప్పడం సులభం, వినడం కష్టం.

సంగటి గురించి ఒక పొరపాటు అభిప్రాయం కూడా ఉంది. రాగి సంగటి ఎంత తిన్నా లావెక్కరని అనుకుంటారు. వంద గ్రాముల రాగులలో సుమారు 320 కేలరీలు, బియ్యంలో సుమారు 355 ఉంటాయి. తేడా తక్కువే. రాగిలో పీచు ఎక్కువ, కాల్షియం ఎక్కువ, అందువల్ల మంచిదే. అయితే సంగటిలో బియ్యం కూడా వేస్తాము కదా. ముద్ద సైజు తగ్గించి ఆకుకూర పప్పు పెంచితేనే లాభం. శనక్కాయలు బలమైన తిండే, కానీ చారెడు మాత్రమే. టీవీ ముందు కూర్చొని చాటెడు ఒలిచి తింటే ఆ రోజు నడక అంతా అందులో కలిసిపోతుంది.

ఇంట్లో ఆడవారి కష్టం వేరు. అందరికీ ఉగ్గాని, బజ్జీలు చేసి పెట్టి తాను మాత్రం మజ్జిగ తాగి ఊరుకొమ్మంటే ఎవరివల్ల అవుతుంది? రాత్రి భర్త వచ్చేదాకా కూర్చొని పదింటికి తింటారు. గిన్నెలో మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక అదీ తినేస్తారు. బరువు పెరిగేది ఎక్కువగా ఆ రాత్రి గిన్నె దగ్గరే అని నేను గమనించాను. కాబట్టి అయ్యలారా, "నువ్వు తగ్గలేవులే" అని ఎగతాళి చేసే బదులు, పెందలాడే ఇంటికి వచ్చి ఎనిమిదింటికి కలిసి తినండి. అరపావు బియ్యం తక్కువ వేయమని మీరే చెప్పండి. ఆమెకు అది ఏ డైటు చార్టు కంటే ఎక్కువ సాయం.

శ్రమ దినాల గురించి కూడా చెప్పాలి. ఆ నలభై రోజులు ఒంటిపూట ఉండి నాలుగు కిలోలు తగ్గి, ఈస్టరు తరువాత నెలలో ఐదు కిలోలు పెరిగేవారున్నారు. ఉపవాసం ప్రార్థన కోసం. దానిని బరువు లెక్కకు వాడుకుంటే రెండూ దక్కవు. పగలంతా ఉండి సాయంత్రం చిత్రాన్నం, బజ్జీలతో విడిచేవారికి అసలు తగ్గదు కూడా. ముఖ్యంగా ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు డాక్టరుగారిని అడగకుండా ఉపవాసం ఉండరాదు. షుగర్ పడిపోయి చెమటలు పట్టి, స్పృహ తప్పి వచ్చినవారిని చూశాము. రంజాన్ ఉపవాసాలు ఉండే సోదర సోదరీమణులకు కూడా ఇదే మనవి.

ఈస్టరు దాటితే ఎండ. కర్నూలు, కడపల్లో 42 డిగ్రీల ఎండలో నడవమని ఎవరం చెప్పము. తెల్లవారుజామున ఐదున్నరకు అరగంట నడవండి. వీధి కుక్కల భయముంటే ఇద్దరు కలిసి వెళ్ళండి, లేదా మిద్దెమీదే తిరగండి. నడక ఆగిన రెండు నెలలు వృథా అయ్యాయని జూన్‌లో కూడా మొదలుపెట్టనివారే ఎక్కువ. జూన్‌లో మొదలుపెడితే సరిపోతుంది.

ఒక హెచ్చరిక. పెరిగిన బరువంతా తిండి వల్ల కాదు. వారంలో రెండు కిలోలు పెరిగి, కాళ్ళు వాచి, ఆయాసం వస్తుంటే అది గుండె లేదా కిడ్నీ సంబంధమైన నీరు కావచ్చు. వెంటనే రావాలి. థైరాయిడ్ తక్కువైనా బరువు పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పులకని షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలలో స్టెరాయిడ్ ఉంటే పెరుగుతుంది. ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా కొంత బరువు పెంచుతాయి. వాటిని మీ అంతట మీరు మానవద్దు, వచ్చి అడగండి. సిగ్గుపడి ఇంట్లో కూర్చుంటే ఇవేవీ బయటపడవు. నెలకు పది కిలోలు తగ్గిస్తామని అమ్మే పొడుల సంగతి నేను రాయను. ఆ డబ్బుకు ఇంటిల్లిపాదికీ నెలకు సరిపడా కూరగాయలు వస్తాయి.

ఇక మా వృత్తివారికి, సంఘ పెద్దలకు రెండు మాటలు. చాలా ఆసుపత్రులలో తూకం మిషను ఓపీ వరండాలో, అందరి కళ్ళముందు ఉంటుంది. "ఎనభై ఆరు!" అని క్యూ అంతా వినేలా అరిచి చీటీ మీద రాస్తారు. అలా ఒకసారి అవమానపడిన మనిషి మళ్ళీ ఎందుకు వస్తుంది? తూకాన్ని పరదా వెనుక పెట్టాలి. అంకెను మెల్లగా చెప్పాలి, లేదా చూపించి ఊరుకోవాలి. "మళ్ళీ పెరిగావే" అనకూడదు. "వచ్చావు, సంతోషం. మాత్రలు వేసుకుంటున్నావా?" అని మొదలుపెట్టాలి. శిక్షణలో ఉన్న అమ్మాయిలకు నేను ఈ మాటే చెబుతుంటాను.

సంఘంలో స్త్రీల కూడికల తరువాత ఫలహారం ఎటూ ఉంటుంది. స్వీటు, కారా, టీ బదులు నెలలో ఒక్కసారైనా ఉడికించిన అలసందలు, మజ్జిగ పెడితే ఎవరూ ఆకలితో పోరు. ప్రేమవిందులో వద్దన్నవారి ఆకులో బలవంతంగా వడ్డించవద్దు.

నవంబరు తరువాత రానివారు ఈ పత్రిక చదువుతుంటే, పాత కార్డు పోయినా ఫరవాలేదు, కొత్తది రాస్తాము. మాత్రలు అయిపోయి ఎన్ని రోజులైందో మాత్రం నిజం చెప్పండి. తూకం ఎక్కడం ఇష్టం లేకపోతే ఆ రోజుకు వద్దు. బీపీ, షుగర్, పాదాలు చూపించుకొని వెళ్ళండి.